నూటికి మూడు తప్పుల దండ

మనిషి చేత్తో చేసిన వస్తువేదో, యంత్రం చేసిన వస్తువేదో తేల్చి చెప్పే నాథుడు లేక మానవజాతి ఇన్ని వేల ఏళ్లు ఎంతటి చీకట్లో మగ్గిపోయిందో, చేతిపని నిర్ధారణ సంస్థ వెలిసిన తరువాత గానీ ఎవరికీ తెలిసిరాలేదు. అంతకుముందు కొనేవాళ్లు "ఎవరు చేశారు?" అని అడిగేవాళ్లు. చేసినవాళ్లు "నేనే" అనేవాళ్లు. ఆ ఒక్క ముక్క నమ్మి కొనుక్కుపోయేవాళ్లు. ఇంత పెద్ద వ్యవహారం ఏ ఆధారమూ లేకుండా కేవలం నమ్మకం మీద నడిచిపోయిందంటే ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

ఆ సంస్థ తన వెలుగును ముందుగా ప్రసరింపజేసిన చోట్లలో పూసలక్క కొట్టు ఒకటి. బజారు ముందు వరసలో, తాళాలు బాగుచేసే కొట్టుకీ గొడుగుల కొట్టుకీ మధ్య, రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టు అది. గోడల నిండా సీసాలు. సీసాల నిండా గాజు పూసలు, చెక్క పూసలు, మట్టి పూసలు, ఆవగింజంత సన్నపూసలు. మధ్యలో ఒక బల్ల, బల్ల మీద పూసలు దొర్లిపోకుండా మెత్తటి గుడ్డ పరిచిన పళ్లెం. ఆ పళ్లెం ముందు కూర్చుని పూసలక్క దండ గుచ్చుతూనే బేరమాడుతుంది, బేరమాడుతూనే పొట్లం కడుతుంది. ఆమెకు అసలు పేరు ఒకటుంది గానీ, దాన్ని కరెంటు బిల్లు వాళ్లు తప్ప ఎవరూ వాడరు.

కొట్టు పెట్టింది ఆమె అత్తగారు. కాపురానికి వచ్చిన కొత్తలో సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి, చివరి ముడిని కనబడకుండా పూసలోకి దూర్చడం దాకా కోడలికి నేర్పింది ఆవిడే. (నేర్పడమంటే తిట్టడం. రెంటికీ ఆవిడ ఎప్పుడూ తేడా పెట్టలేదు.) ఇప్పటికీ ఆవిడ గుమ్మం పక్కన, వీధి వెలుతురు పడే చోట పీట వేసుకుని కూర్చుని దండలు గుచ్చుతూనే ఉంటుంది. దారిన పోయేవాళ్లందరినీ పలకరిస్తుంది. పలకరింపు అక్కర్లేదనుకున్నవాళ్లు అవతలి పక్క నుంచి నడుస్తారు, వాళ్లను ఇంకాస్త గట్టిగా పలకరిస్తుంది.

అయితే ఆవిడ కళ్లకు మసక కమ్మింది. ఆ సంగతి ఆవిడ చచ్చినా ఒప్పుకోదు. "ఈ బల్బు దండగరా, మార్చు" అని కొడుకును సతాయిస్తుంది. కొడుకు మారుస్తాడు. అలా మార్చీ మార్చీ ఇప్పుడు ఆ కొట్టులోకి పట్టపగలు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుంటే గానీ రాలేనంత వెలుతురు పేరుకుంది. అయినా ఆవిడకు చాలడం లేదు. పూస సైజులో ఏనాడూ పొరపాటు పడదు, అది ఆవిడ వేలి కొసకే తెలుసు. వచ్చిన చిక్కల్లా రంగుతోనే. ముదురు నీలం, నలుపు ఆవిడ కంటికి ఒకటే అయిపోయాయి. నల్ల దండ గుచ్చితే అక్కడక్కడా నీలం పూసలు పడిపోతాయి.

మధ్యాహ్నం ఆవిడ గోడకు చేరగిలబడి కునుకు తీసే వేళ, కోడలు ఆ దండను చప్పుడు కాకుండా విప్పి, నీలం పూసలు ఏరేసి, నల్లవి గుచ్చి, మళ్లీ అదే కొక్కేనికి తగిలించేది. ఇది చాలాకాలంగా జరుగుతోంది. ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. అత్తగారు లేచి దండను తడిమి చూసుకుని "చూశావటే, ఈ వయసులో కూడా!" అనేది. "మీ చెయ్యి ఎవరికొస్తుంది అత్తయ్యా" అనేది కోడలు. ఇద్దరూ హాయిగా ఉన్నారు. ఈ హాయికి ఏ కాగితమూ లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఇంతలో సంస్థ నియమావళి విడుదలైంది. బజారు ముందు వరస ఇకమీదట చేతిపని కొట్లకే. చేతిపని అని రుజువు చేసుకోలేనివాళ్లు నెల తిరిగేలోపు వెనక వరసకు మారాలి. వెనక వరస అంటే నీళ్ల ట్యాంకు గోడ కింద, ఎండ పొడ తగలని సందు. అక్కడ ఎర్ర పూస, గోధుమ రంగు పూస ఒకేలా కనిపిస్తాయి. రంగు కనిపించని చోట పూసల కొట్టు పెట్టడమంటే చీకట్లో అద్దాలు అమ్మడమే. పైగా అక్కడ గుమ్మం ముందు పీటకు చోటు లేదు. పూసలక్క ముందుగా తలుచుకుంది దాన్నే.

రుజువుకు ఒక యాప్ ఉంది. దాని పేరు "చేతివాటం". (ఆ మాటకు జనం చెప్పుకునే ఇంకో అర్థం తమకు తెలియదని సంస్థ తరువాత వివరణ ఇచ్చింది.) దండను ఫోటో తీసి అందులో పెడితే, అది పూసపూసనూ పరీక్షించి తప్పులు లెక్కపెడుతుంది. నూటికి రెండు నుంచి నాలుగు తప్పులుంటే మనిషి చేసిందని అర్థం. అంతకు తగ్గితే యంత్రం. అంతకు మించితే నిర్లక్ష్యం. దానికి వేరే విభాగం ఉంది. "పొరపాటు మానవ సహజం. పొరపాటు లేని చోట మానవుడు లేడు" అని నియమావళి మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. ఆ వాక్యంలో రెండు అచ్చుతప్పులు ఉండటం వల్ల సంస్థ మనుషులే నడుపుతున్నారని అందరూ ధైర్యం తెచ్చుకున్నారు.

పూసలక్క తను గుచ్చినవాటిలో ఎంతో ఇష్టమైన తెలుపూ పచ్చా దండను ఫోటో తీసి పెట్టింది. యాప్ కాసేపు గిరగిరా తిరిగి "యంత్రం" అంది. ఇంకో దండ పెట్టింది. "యంత్రం" అంది. మూడోదానికి "మీ యంత్రం మంచి కండిషన్‌లో ఉంది, అభినందనలు" అంది.

ఫిర్యాదు చేస్తే మానవ హస్త నిర్ధారణాధికారి స్వయంగా వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, చేతులకు తొడుగులు వేసుకుని, మెడలోని భూతద్దాన్ని సర్దుకుని లోపలికి అడుగుపెట్టాడు.

"మిషను ఎక్కడ పెట్టారమ్మా?" అన్నాడు.

"మిషనేంటి సార్? నేనే గుచ్చుతాను."

"అందరూ అదే అంటారండీ" అని బల్ల కింద వెతికాడు. అక్కడ ఆమె టిఫిన్ డబ్బా దొరికింది. దాన్ని మూతతీసి వాసన చూసి, యంత్రం కాదని రాసుకున్నాడు.

"మీ ఎదుటే గుచ్చి చూపిస్తాను, ఉండండి" అని పూసలక్క సూది అందుకుంది. అధికారి భూతద్దం పెట్టుకుని, కిందికి వంగి, దండ జానెడు పెరిగేదాకా కన్నార్పకుండా చూశాడు.

"మీరు గుచ్చుతున్నట్టు కనిపిస్తోంది" అన్నాడు చివరికి.

"కనిపించడమేంటి సార్, గుచ్చుతుంటే!"

"కనిపించడం రుజువు కాదమ్మా. ఇందులో తప్పేదీ? తప్పు లేనప్పుడు మీరు ఇక్కడ ఉన్నారని మేం ఎలా నమ్మాలి?"

గుమ్మం దగ్గర పీట మీద నుంచి అత్తగారు అందుకుంది. "తప్పు చేస్తే నేను వేళ్ల మీద కొట్టేదాన్ని నాయనా. అందుకే రాదు దానికి."

అధికారి జాలిగా తలాడించాడు. పెంపకంలో లోపమని రాసుకుని వెళ్లిపోయాడు.

ఇక పూసలక్క తప్పులు చేయడం నేర్చుకోవాల్సి వచ్చింది. అది ఎంత కష్టమో చేసి చూసినవాళ్లకే తెలుస్తుంది. తెల్లపూసల మధ్య ఒక పచ్చపూస కావాలని గుచ్చేది. ఎవరో వచ్చి కొక్కేలున్నాయా అని అడిగేవారు. కొక్కేలిచ్చి మళ్లీ చూసుకునేసరికి ఆ పచ్చపూస తీసేసి ఉండేది. తీసింది తన వేళ్లే. అవి ఆమెను అడగలేదు. సరే, కావాలని చేసిన తప్పులతో ఒక దండ ఎలాగో పూర్తిచేసి పంపితే, "తప్పులు వరస తప్పకుండా పడ్డాయి, యంత్రం" అని వచ్చింది.

మొగుడు రంగంలోకి దిగాడు. ఆయన కరెంటు మీటర్ల రీడింగ్ తీసే ఉద్యోగి. పూసల కొట్టు ఇంట్లో పుట్టి పెరిగినా ఏనాడూ సూది ముట్టనివాడు. "తప్పులే కదా కావాల్సింది? నాకొదిలెయ్" అని సెలవు పెట్టి కూర్చుని ఒక దండ గుచ్చాడు. దానికి సంస్థ నుంచి పత్రానికి బదులు, నిర్లక్ష్య నివారణ విభాగం నుంచి పిలుపు వచ్చింది. ఆయన వెళ్లి, శ్రద్ధ గురించి పూటంతా ఉపన్యాసం విని, శ్రద్ధగా సంతకం పెట్టి వచ్చాడు.

వెనక వరసలో దండలు చేసే మిషను పెట్టుకున్న ఒకాయన ఉన్నాడు. బజారంతా ఆయన్ను మిషనాయన అంటుంది. ముందు వరస మీద ఎప్పట్నుంచో ఆయన కన్ను. మిషను కంపెనీ వాళ్లు దానికి కొత్తగా ఒక తప్పుల మీట బిగించి ఇచ్చారు. మీట తిప్పితే నూటికి మూడు పూసలు తేడాగా పడతాయి. అయినా ఆయన దరఖాస్తు కూడా తిరిగొచ్చింది. "తప్పులున్నాయి గానీ వాటిలో సహజత్వం లేదు" అన్నారట.

"మీరు తప్పులు చేయలేరు, నా మిషను సరిగ్గా తప్పులు చేయలేదు. ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం పూసలక్కా" అని ఆయన ఓదార్చాడు. ఓదారుస్తూనే ఆమె కొట్టు గోడల కొలతలు కళ్లతోనే తీసుకున్నాడు.

గడువు దగ్గరపడింది. చివరిరోజు ఒక దండను సంస్థకు స్వయంగా అప్పగిస్తే, యాప్‌తో పాటు ముగ్గురు అధికారులు కూడా పరిశీలిస్తారని చెప్పారు. ఆ చివరిరోజు మధ్యాహ్నం కొట్టుకు జనం తోసుకొచ్చారు. ఏదో నాటకం వేస్తున్న గుంపు, వాళ్లకు రాణుల నగలన్నీ అప్పటికప్పుడే కావాలి. ఆ హడావుడిలో పూసలక్కకు రోజూ చేసే పని కుదరలేదు. అత్తగారు పొద్దున్న గుచ్చిన నల్ల దండ కొక్కేనికి అలాగే ఉండిపోయింది. ఆఫీసు మూసేస్తారన్న కంగారులో మొగుడు పరుగున వచ్చి, చేతికి అందిన ఆ దండనే తీసుకుని పరుగున వెళ్లాడు.

సాయంత్రం పూసలక్క ఫోనులో చప్పట్లు మోగాయి. "మనిషి!" అంది యాప్. "నూటికి మూడు. అపూర్వం."

నలుగురూ పోగయ్యారు. గొడుగులాయన టీ తెప్పించాడు. అత్తగారు పీట మీద నిటారుగా కూర్చుని, పత్రం తన పేరు మీదే రావాలని, దండ గుచ్చింది తనేనని ముందే చెప్పేసింది. "నీది ఎన్నిసార్లు పంపినా పాస్ కాలేదు. నాది ఒక్కసారికే అయింది. ఎందుకో ఆలోచించుకో" అంది కోడలితో. పూసలక్క అప్పటికే ఆలోచించుకుంది. ఖాళీ కొక్కేన్ని చూసి, టీ గ్లాసు అందుకుంది. కొట్టు దక్కిందన్న ఆనందమూ, ఏదో దొంగతనం బయటపడబోతున్న భయమూ రెండూ కలిసి ఆ టీని చేతిలోనే చల్లార్చేశాయి.

పత్రం ఇవ్వడానికి అధికారే వచ్చాడు, ఈసారి తొడుగులు లేకుండా. "దండను నమూనాగా మా దగ్గరే ఉంచుకుంటున్నామమ్మా. ప్రజల ప్రయోజనం కోసం" అన్నాడు. తరువాత అత్తగారి ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నా ఉద్యోగంలో ఇంత అందమైన తప్పులు చూడలేదమ్మా!"

"తప్పులేంటి?" అంది ఆవిడ.

"నలుపు మధ్యలో నీలం! ఏడు చోట్ల. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు, ఒకచోట రెండు దగ్గరదగ్గరగా, తరువాత చాలాదూరం ఏమీ లేకుండా, మళ్లీ ఠక్కున ఒకటి. ఏ యంత్రానికీ రాదు. మా పెద్దసారుకైతే కళ్లు చెమర్చాయి." అని ఫోనులో ఫోటో పెద్దది చేసి చూపించాడు.

ఆవిడ ఆ ఫోనును ముక్కుకు ఆనించుకుని చూసింది. దూరం పెట్టి చూసింది. "అంతా నలుపేగా" అంది. ఆవిడ మెల్లగా తలెత్తి, కోడలు ఎటువైపు ఉందో అటు తిరిగింది.

"ఎన్నాళ్ల నుంచే?"

"చాలా రోజులైంది అత్తయ్యా."

"మరి నా దండలన్నీ?"

"మీరు కునుకు తీసేటప్పుడు... నేనే విప్పి..."

"నన్నడక్కుండా నా దండలు విప్పుతావా!" అని ఆవిడ ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపు అంతటితో ఆగిపోయింది. ఒడిలోని పూసల పళ్లేన్ని పక్కకు నెట్టేసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, తుడిస్తే మసక పోతుందేమోనన్నట్టు మళ్లీ తుడుచుకుంది. పూసలక్కకు ఏడుపు ఆగలేదు. మోసం చేసినందుకు కాదు, ఇన్నాళ్లూ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లకుండా దండలు సర్దుతూ కూర్చున్నందుకు. అధికారి ఇద్దరినీ చూసి, సంతోషం పట్టలేకపోతున్నారనుకుని, పత్రం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తరువాత కొన్నాళ్లు ఆయన నల్లపూసైపోయాడు.

మర్నాడే అత్తాకోడళ్లు కొడుకును వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు. శుక్లం బాగా ముదిరిందని, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కష్టమవుతుందని, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని డాక్టరు కసిరింది. "బల్బులు మారుస్తున్నాం" అన్నాడు కొడుకు.

ఆపరేషన్‌కు రోజు కూడా ఖాయమయ్యాక ఆయన పత్రం వెనక్కి తిప్పాడు. ఏ కాగితాన్నైనా వెనక కూడా చదివే మనిషి ఆయన. అక్కడ నిబంధనలున్నాయి. పత్రం గడువు ఏడాది. ఉత్పత్తిదారు: అత్తగారు. ఉత్పత్తి పరికరాలు: చేతులు రెండు, కళ్లు రెండు (తప్పులను బట్టి మసకవి). గడువు లోపల పరికరాలకు ఎటువంటి మరమ్మతు గానీ, మార్పు గానీ, మెరుగుదల గానీ సంస్థ అనుమతి లేకుండా చేయించరాదు. చేయిస్తే పత్రం రద్దు, వెనక వరస.

అత్తగారు వెంటనే తేల్చేసింది. "అయితే ఆపరేషన్ వద్దు."

"అత్తయ్యా!"

"ఏంటే అత్తయ్యా? ఈ కొట్టు నేను పెట్టింది. నా కన్ను ఇంకెన్నాళ్లు ఉంటుంది, కొట్టు ఇంకెన్నాళ్లు ఉంటుంది? లెక్క నువ్వే వేసుకో. తప్పులు గుచ్చుతాను. అదొక్కటేగా ఇప్పుడు నాకొచ్చిన విద్య."

కొడుకు ఇద్దరి మధ్యా నిలబడి, ముందు అనుమతి అడిగి చూద్దామన్నాడు. అడిగాడు. కాళ్లరిగేలా తిరిగాక పరికర మార్పిడి విభాగంలో ఒక కిటికీ తెరుచుకుంది. అమ్మనూ భార్యనూ వెంటబెట్టుకుని వెళ్లాడు.

"పరికరం తెచ్చారా?" అంది కిటికీలోని అమ్మాయి.

"తెచ్చాం. ఇదిగో మా అమ్మ."

"ఆవిడ కాదండీ, పరికరం. కుడికన్ను అని రాశారు. దాన్ని ఇక్కడ అప్పగించి వెళ్లండి, పరిశీలించి కబురు చేస్తాం. రసీదు ఇస్తాం."

"దాంతోపాటు నేనూ ఉండాలామ్మా, లేకపోతే అది ఒక్కటీ సరిపోతుందా?" అంది అత్తగారు.

అమ్మాయి లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చింది. అటాచ్‌మెంట్‌తో సహా ఉండవచ్చట. ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. గోడకు "తప్పు చేయండి, మనిషిగా నిలవండి" అన్న బోర్డు ఉంది. అత్తగారు పక్కనున్నవాళ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ కనుక్కునేసరికి జవాబు వచ్చింది. పరికరాన్ని మార్చుకోవడానికి సంస్థకు ఏ అభ్యంతరమూ లేదు. కొత్తగా అమర్చే కటకం కూడా పాతదానంత మసకగానే ఉండాలి, అంతే. అలాగని డాక్టరు రాసివ్వాలి.

డాక్టరును అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ సాయంత్రం కొట్టు కట్టేస్తుండగా అత్తగారు తడుముకుంటూ లేచి, ఎప్పుడూ తగిలే మెట్టే అయినా అందాజా తప్పి తూలింది. పూసలక్క చటుక్కున పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదలకుండానే చెప్పింది.

"ఎల్లుండి ఆపరేషన్. మీరు రాకపోతే మోసుకెళ్తాను."

"కొట్టు పోతుందే."

"పోనివ్వండి."

"నీళ్ల ట్యాంకు కింద నీ మొహానికి పూసలెవడు కొంటాడు?"

"ఎవడూ కొనకపోతే ఇద్దరం కూర్చుని గుచ్చుకుందాం. మీరు నా వేళ్ల మీద కొడుదురు గాని. కనబడితేనేగా కొట్టగలరు?"

ఆవిడ "బుద్ధిలేని దానివి. కాపురానికి వచ్చినప్పుడే అనుకున్నాను" అంది. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పగానే ఆవిడ ముందుగా చూసింది కోడలి మొహం. కాసేపు అలాగే చూసింది. "ఇదేంటే, ఇంత జుట్టు నెరిసిపోయింది నీకు? ఎవరూ చెప్పరేం?" అంది, ఎవరో ఆవిడ వెనకాల కుట్ర చేసి నెరిపించినట్టు. ఇంటికి వచ్చాక గోడల మీద మరకలు, కొట్టులో సీసాల మీద దుమ్ము, కొడుకు చొక్కాకు వేరే రంగు గుండీ, గొడుగులాయన పళ్లు, అన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. వెలుతురు ఎక్కువైపోయిందని బల్బులన్నీ తీయించింది. ఆవిడ చూపు తెచ్చుకున్నందుకు బజారంతా సంతోషించింది గానీ, ఆ సంతోషం వారం దాటలేదు.

సంస్థకు కబురు అందింది. (ఎవరు చేరవేశారో తెలియదు. మిషనాయన ఆ రోజుల్లో పళ్లు పట్టుకుని రెండుసార్లు పరామర్శకు వచ్చిన మాట నిజం.) అధికారి తొడుగులు వేసుకుని వచ్చాడు. ఆవిడ పీట వేసుకుని ఆయన ఎదుటే నల్ల దండ గుచ్చింది. మధ్యలో ఒకసారి ఆగి పళ్లెంలోంచి ఒక నీలం పూసను ఏరి, వేలితో అవతలికి నెట్టింది. అధికారి నిట్టూర్చాడు. పూసలక్కకు మాత్రం ఆ పూసను నెట్టిన వేలిని కళ్లకద్దుకోవాలనిపించింది.

"సున్నా" అన్నాడు అధికారి. "ఎంత బాగుండేవారమ్మా మీరు!"

నియమం ప్రకారం అత్తాకోడళ్లిద్దరూ యంత్రాలుగా నమోదయ్యారు. పాత యంత్రం ఒకటి, కొత్త యంత్రం ఒకటి. వెనక వరసలో కొట్టు ఇచ్చారు, నిజానికి అది ఇంతకుముందు మిషనాయనది. "యంత్రంతో చేసిన దండలు" అని బోర్డు రాయించాలన్నారు, రాయించారు. మీటర్ల శాఖలోనే పనిచేస్తూ ఇంట్లో రెండు యంత్రాలు కరెంటు లేకుండా నడుస్తున్న సంగతి ఎందుకు తెలియజేయలేదని కొడుక్కి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆయన ఇంకా జవాబు రాస్తున్నాడు.

పూసలక్క తలుపు పక్క గోడ కొట్టించి, పీట పట్టేంత చోటు చేసింది. ఎండ రాదు గానీ, ఎదుటి గోడకు సున్నం వేయించాక కాస్త వెలుతురు తిరిగొచ్చింది. పాతవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. కొత్తవాళ్లు దండను అటూ ఇటూ తిప్పి చూసి, "అచ్చం చేత్తో చేసినట్టే ఉందే!" అని ఆశ్చర్యపోయేవాళ్లు. "మంచి కంపెనీ మిషనమ్మా" అనేది అత్తగారు, కోడలి వైపు గడ్డం విసురుతూ.

ఒకరోజు దారం కొనడానికి ఇద్దరూ ముందు వరస మీదుగా వెళ్తున్నారు. తమ పాత కొట్టు ముందు అత్తగారి కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. లోపల మిషనాయన కొత్త అద్దాల అల్మరా పెట్టించాడు. అందులో వరసగా నల్ల దండలు. ఆవిడ అద్దానికి మొహం ఆనించింది. ఒకచోట రెండు నీలం పూసలు దగ్గరదగ్గరగా, తరువాత చాలాదూరం ఏమీ లేకుండా, మళ్లీ ఠక్కున ఒకటి. పక్క దండా అంతే. దాని పక్కదీ అంతే. అల్మరా చివరిదాకా అంతే.

"ఇవి నా తప్పులే" అంది ఆవిడ. జనంలో తప్పిపోయిన మనిషి మొహం చూసి గుర్తుపట్టినట్టు అంది.

మిషనాయన సంతోషంగా లేచి వచ్చాడు. "మీవేనమ్మా! సంస్థ వాళ్లు మీ నమూనా ఇచ్చారు, కంపెనీ వాళ్లు మీటకు నేర్పించారు. మొదటిసారికే పాసైపోయింది. రండి, కూర్చోండి, టీ తాగుదురు గాని."

లోపల నిచ్చెన మీద నిలబడి అధికారి పత్రానికి మేకు కొడుతున్నాడు. బంగారు అంచున్న పత్రం, పూసలక్కకు అక్కడి నుంచే కనిపించింది. కిందిభాగంలో, గడువు రాయాల్సిన చోట "శాశ్వతం" అని ఉంది.

"మాకు ఏడాదేగా ఇచ్చారు సార్?" అంది ఆమె. అడగకుండా ఉండలేకపోయింది.

అధికారి మేకు సరిగ్గా దిగిందో లేదో లాగి చూసుకుని, నిచ్చెన దిగి, చేతులు దులుపుకున్నాడు. అత్తగారి కొత్త కంటివైపు, ఎవరినీ నొప్పించని మనిషి చూసే చూపు ఒకటి చూశాడు.

"మీ విషయంలో చూపు వచ్చే ప్రమాదం ఉండేది కదమ్మా" అన్నాడు. "దీనికి ఆ భయం లేదు."